అర్ర సారు

ఇంట్లో ఒక అర్ర ఎక్కువైతే ఇంటాయనకు నిద్ర తక్కువవుతుంది. మా నర్సాపూర్‌లో ఈ బాధ పడేవాళ్లు గల్లీకి ఒకరైనా ఉన్నారు. పిల్లలు చదువులై హైదరాబాద్‌కో డాలస్‌కో వెళ్లిపోతారు. ఇల్లు మాత్రం ఆరుగురికి కట్టింది ఆరుగురికే ఉంటుంది. ఉండేది ఇద్దరు. ఒకరు వంటింట్లో, ఒకరు టీవీ ముందు. మిగిలిన అర్ర తలుపు మూసి ఉంటుంది. ఆ మూసిన తలుపును చూస్తూ ఊరుకోలేని మనుషులు కొందరుంటారు.

మా గల్లీలో ఆ మనిషి లెక్కల సారు. సర్కారు బడిలో లెక్కలు చెప్పీ చెప్పీ రిటైరయ్యారు. అంగీ జేబులో పెన్ను, ప్యాంటు జేబులో ఐదు మీటర్ల టేపు. అంగడికి కూరగాయల కోసం పోయినా టేపు వెంట ఉండాల్సిందే. ఎందుకు సారూ అంటే, "యాడ ఏం కొల్వాల్సొస్తదో ఎవరికెరుక?" అంటారు. ఆయనకు అర్ర సారు అని పేరెవరు పెట్టారో తెలీదు. ఆయన చెవిన పడింది గాని, పడనట్టే ఉంటారు.

సారు ఇంట్లో ఆ అర్ర వాయవ్య మూల, పదీ పన్నెండు. ఒకప్పుడు వడ్ల అర్ర. పంట నూర్చి బండ్ల మీద ఇంటికి తోలుకొచ్చి గుమ్ములు నింపే కాలంలో దాన్ని ఏం చేద్దామని ఎవరూ అడగలేదు. సంక్రాంతి దాటితే అందులో మనిషి నిలబడే జాగా ఉండేది కాదు. ఇప్పుడు వడ్లకు ఇంటి మొహమే తెలీదు. మడిలో హార్వెస్టర్ కోస్తుంది, ట్రాక్టర్ అటునుంచి అటే వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు పోతుంది. అక్కడ ఎండలో పడుండి, తేమ 17 శాతానికి దిగాక, నలభై కిలోల బస్తాలై లారీ ఎక్కుతాయి. పైసలు ఖాతాలో పడతాయి. ఇట్లా మెదక్ పల్లెల్లో, పట్నాల్లో ఎన్ని వడ్ల అర్రలు కొలువు పోగొట్టుకున్నాయో! సారు ఇంట్లో అర్రా, సారూ దాదాపు ఒకేసారి రిటైరయ్యారు.

అర్రలో ఒక గుమ్మి మాత్రం మిగిలింది. మేదరివాళ్లు అల్లిన పెద్ద గుమ్మి, సారు వాళ్లమ్మ పేడా మట్టీ కలిపి మెత్తిన గుమ్మి. గూనపెంకుల ఇల్లు పడగొట్టి స్లాబు వేసేటప్పుడు దాన్ని కదిలించకుండా చుట్టూ గోడలు లేపారు. తర్వాత చూసుకుంటే దర్వాజ కన్నా గుమ్మి వెడల్పు. బయటికి రాదు. కోసి తీద్దామంటే సారు ఇంటామె, మా పెద్దమ్మ, ఒప్పుకోదు. "మా అత్త చెయ్యి ఉన్నది దాని మీద" అంటుంది. కాబట్టి సారు ఏ ప్లాను గీసినా ఆ గుమ్మి చుట్టూ తిరగాల్సిందే. లెక్కల్లో ఇచ్చిన దత్తాంశం లాంటిదది, మార్చడానికి లేదు.

గుమ్మి సంగతి సరే, మిగతా సామాను? ఖాళీ అర్ర అనడమే గాని అది ఏనాడూ ఖాళీగా లేదు. సజ్జ మీద ఇత్తడి బిందెలు, గంగాళం. కింద పెద్దమ్మ పుట్టింటి సందుగ, కొడుకు పండుకున్న తొట్టెల, ఎండాకాలం తప్ప పని లేని కూలర్, ఇసుర్రాయి, వారంటీ అయిపోయినా పారేయని టీవీ డబ్బా, ఆ డబ్బా నిండా పెండ్లి పత్రికలు. సారుకు కొత్త ఆలోచన వచ్చినప్పుడల్లా ఈ సామానంతా ముందటి అర్రకు వలస వస్తుంది. ఆలోచన చల్లారగానే వెనక్కి పోతుంది. ఆ రోజుల్లో వాళ్లింటికి పోతే కూలర్ మీద కూర్చొని చాయ తాగాలి.

సారు పద్ధతి కాగితం మీద ప్లాను గీయడం కాదు. చాక్‌పీసు పట్టుకొని నేల మీదే గీస్తారు, అసలు కొలతల్లో. కొలత తగ్గించి గీస్తే మనిషికి గోడ అర్థం కాదని ఆయన సిద్ధాంతం. ఒకసారి గిన్నె వాపసివ్వడానికి వాళ్లింటికి పోయి అర్రలోకి కాలు పెట్టాను.

"ఆగు!" అని అరిచారు. "గోడల నుంచి వస్తున్నవ్."

కిందికి చూస్తే నిజమే, నా కుడి కాలు గోడలో ఉంది.

"దర్వాజ ఆడున్నది, అటు తిరిగి రా."

నేను వెనక్కి తగ్గి, చాక్‌పీసు గీత తెగిన చోటు నుంచి లోపలికి వచ్చాను. అలవాటు కొద్దీ కొంచెం తల కూడా వంచాను. సారు మెచ్చుకోలుగా చూశారు. ఇంతలో పెద్దమ్మ చాయ గ్లాసులతో వచ్చి రెండు గోడలూ ఒక అల్మారా దాటుకుంటూ సూటిగా నడిచేసింది.

"అరె, గోడ!"

"గోడుంటే చాయ ఎట్లొచ్చింది మరి?" అంది ఆమె, గ్లాసు నా చేతికిస్తూ.

సాయంత్రం తడిగుడ్డ పెట్టి ఇల్లు తుడుస్తూ ఆ నిర్మాణం మొత్తం తుడిచేసింది. నర్సాపూర్ 2018లో మున్సిపాలిటీ అయింది గాని, అంత వేగంగా కూలగొట్టే పద్ధతి మున్సిపాలిటీకి ఇంకా పట్టుబడలేదు.

ఆ చెరిగిపోయిన గోడలు గ్రంథాలయానివి. సారు ఊరికే ఏదీ మొదలుపెట్టరు, ముందు చరిత్ర చెబుతారు. "1901ల హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం యాడ మొదలైంది? రావిచెట్టు రంగారావు గారింట్లనే గద! ఇంట్ల జాగ ఇచ్చిండు కాబట్టి నిజాం రాజ్యంల తెలుగు పుస్తకానికి ఒక నీడ దొరికింది. మనకు జాగ లేదా?" జాగా ఉంది. పుస్తకాలే తక్కువ. సారు చదువు చెప్పినన్నాళ్ల పదో తరగతి లెక్కల పుస్తకాలు, గైడ్లు, కట్టలు కట్టిన వారపత్రికలు, చిరగని పాత పంచాంగాలు అన్నీ గుమ్మి చుట్టూ పేర్చారు. రెండు దినపత్రికలు వేయించారు. పాఠకులు బాగానే వచ్చేవారు. కాకపోతే పేపరు తెరిచే ముందు ఒకసారి వంటింటి వైపు చూసేవారు. రోజుకు ఎన్ని చాయలు పోతున్నాయో పెద్దమ్మ లెక్క రాసి చూపించాక గ్రంథాలయం వేళలు మారాయి. తర్వాత వారాలు మారాయి. పంచాంగాలు మళ్లీ సజ్జ ఎక్కాయి.

తర్వాత 2020 వచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే కొడుకు ల్యాప్‌టాప్ పట్టుకొని ఇంటికి వచ్చి నేరుగా ఆ అర్రలో కూర్చున్నాడు. టేపు పెట్టలేదు, చాక్‌పీసు అడగలేదు. గుమ్మి మీద వైఫై డబ్బా పెట్టుకున్నాడు, గుమ్మికే దుప్పటి కప్పి మీటింగుల్లో వెనకాల గోడ లాగా వాడుకున్నాడు. సందుగ మీదే చాయ గ్లాసు. అర్ర పొద్దంతా పనిచేసింది, నెలల తరబడి పనిచేసింది. ఆ రోజుల్లో సారంత దిగులుగా ఉన్న మనిషి ఊళ్లో లేడు. లోపల మీటింగు నడుస్తుంటే బయట దర్వాజ కొలుచుకుంటూ నిలబడేవారు.

ఆ ఏడే జూన్ 25న ముఖ్యమంత్రి కేసీఆర్ నర్సాపూర్‌కు వచ్చి ఆరో విడత హరితహారం మొదలుపెట్టి, అడవిలో అర్బన్ పార్కును కూడా ప్రారంభించారు. ఊరంతా మొక్కల గురించి మాట్లాడుతుంటే సారు పడకల గురించి ఆలోచించారు. పార్కుకు వచ్చేవాళ్లు రాత్రికి ఎక్కడుంటారు? కొడుకు అర్ర ఖాళీ చేయగానే రెండు మంచాలు వేస్తే? అడవి అందాలూ రాయరావు చెరువూ కలిపి చూపించే ఒక కరపత్రం కూడా రాశారు. కొడుకు తిరిగి ఆఫీసుకు పోయాకే ఆయన బాలానగర్ బస్సెక్కి వెళ్లి దూరాన్ని లెక్కగట్టారు. హైదరాబాద్ వాడికి నర్సాపూర్ పొద్దున వచ్చి మాపటికి పోయే దూరం, రాత్రి పండుకునే దూరం కాదని తేలింది. కరపత్రాలు టీవీ డబ్బాలోకి పోయాయి, పెండ్లి పత్రికల పక్కకు.

ఆ తర్వాత సారు పెంచిన పుట్టగొడుగుల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా మొలిచింది. చీకటి అర్ర, కొంచెం తేమ, వరిగడ్డి, ఇవి చాలని సారు ఎక్కడో చదివారు. ఆ మాట నిజమే. ముత్యపుచిప్ప పుట్టగొడుగులకు పెద్ద జాగా అక్కర్లేదు. గడ్డిని వేలెడు ముక్కలుగా కత్తిరించి, నానబెట్టి, వేడినీళ్లలో ఉడికించి, నీళ్లు పిండి, పాలిథిన్ సంచుల్లో గడ్డీ విత్తనమూ వరుసలు వరుసలుగా పేర్చి, అక్కడక్కడ పొక్కలు పెట్టి ఉట్లలా వేలాడగట్టాలి. దాదాపు మూడు వారాలు చీకట్లో ఉంచితే సంచి లోపల తెల్లటి బూజు అల్లుకుంటుంది. అప్పుడు కొంచెం వెలుతురు, గాలి తగలనిచ్చి నీళ్లు చిలకరిస్తుంటే మొగ్గలు వస్తాయి. సారు ఇందులో ఒక్కటీ తప్పలేదు. ఆయన తప్పడమేంది, తేమ కొలిచే గడియారం కూడా కొన్నారు. తప్పిందల్లా గడ్డి ఉడకబెట్టడానికి పెద్దమ్మ గంగాళం తీసుకోవడం. బతుకమ్మకు సత్తుపిండి చేసే ఇంట్లో గంగాళం నుంచి పశువుల కొట్టం వాసన వస్తే ఎవరూరుకుంటారు?

వాసన ఎట్లాగో సర్దుకుంది. మొగ్గలు కూడా వచ్చాయి, తెల్లగా, చెవుల్లాగా. సారు గల్లీలో అందరినీ పిలిచి చూపించారు. గాలి కోసం కిటికీ తెరిచారు.

నర్సాపూర్‌లో కిటికీ తెరవడమంటే అడవికి కబురు పంపడమే. హైదరాబాద్ రోడ్డు మీద కార్లు ఆపి అరటిపండ్లు పెట్టేవాళ్ల పుణ్యమా అని ఇక్కడి కోతులకు ఒక సంగతి బాగా తెలుసు, కవర్లో ఉన్నది తినేదే. అర్రలో వేలాడుతున్న కవర్లు చూసి అవి ఇంకేమనుకుంటాయి? సారు అంగడి నుంచి వచ్చేసరికి కోతులు తలా ఒక సంచి పంచుకొని, చింపి, గడ్డి తీసి మొహం చిట్లించి పారేస్తున్నాయి. పుట్టగొడుగులు అవి ముట్టలేదు. సారును బాధపెట్టింది అదే. "తినకుంటే తినకపాయె, గంతగనం మొహం పెట్టుడెందుకు?" అని నాతో అన్నారు. ముసలి కోతి ఒకటి గుమ్మి ఎక్కి కూర్చొని కదల్లేదు. ఇన్నేళ్లలో ఆ గుమ్మిని ఎట్లా వాడాలో తెలిసింది దానికొక్కదానికే అని పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మధ్యలో ట్రిపులార్ ఆఫీసొకటి నడిచింది. సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్ మీదుగా ప్రాంతీయ రింగు రోడ్డు వస్తుందనగానే మా దగ్గర ప్రతి రెండో మనిషీ ప్లాట్ల గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. సారు కూడా గోడకు మ్యాపు తగిలించి, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వచ్చిన ప్రతివాడికీ రోడ్డు ఎటు పోతుందో అంత నిజాయితీగా చెబితే వ్యాపారం ఎట్లా సాగుతుంది? భూమి పోతుందేమోనని భయపడే రైతులు వచ్చి మ్యాపు చూసుకొని, చాయ తాగి పోయేవారు. మళ్లీ గ్రంథాలయమే అయింది.

అన్నిటికీ ఒక సులువైన జవాబుందని ఊరంతా ఆయనకు చెప్పింది, కిరాయికివ్వమని. 1997లో బీవీ రాజు ఇంజినీరింగ్ కాలేజీ వచ్చినప్పటి నుంచి నర్సాపూర్‌లో అర్ర ఎక్కువున్న ఇల్లు అంటే కిరాయి ఇల్లే. మేడ మీద ఇద్దరు, వెనక ముగ్గురు, ఆరేసిన టీషర్టులే సాక్ష్యం. నెల తిరిగేసరికి పైసలు. నేనూ అదే అన్నాను. సారు నన్ను జాలిగా చూశారు.

"కిరాయికిస్తే ఇగ నేను దాని గురించి ఏం ఆలోచించాల్రా?"

ఆయన మనసు మళ్లీ పెద్ద లెక్కల మీదికి పోయింది. "1976ల ఆపిల్ కంపెనీ యాడ పెట్టిండ్రు? స్టీవ్ జాబ్స్ వాళ్లింట్ల, కార్ల షెడ్డుల!"

బియ్యం ఏరుతున్న పెద్దమ్మ తల ఎత్తలేదు. "ఆ షెడ్డుల వడ్ల గుమ్మి ఉండెనా?" అని అడిగింది.

జవాబు చెప్పడానికి సారు దగ్గర చరిత్ర లేదు.

మొన్న ఎండాకాలం ఆమె ఎవరినీ అడగకుండా ఒక పని చేసింది. అర్రలో గుమ్మి పక్కన నవారు మంచం వేసింది. టేబుల్ ఫ్యాను పెట్టింది. రోజూ పన్నెండు గంటలకు పేపరు, ఒక నోటు బుక్కు, చాక్‌పీసుల డబ్బా, చెంబెడు నీళ్లు లోపల పెట్టి వస్తుంది. అన్నం తినగానే సారు టేపు పట్టుకొని లోపలికి పోయి తలుపు వేసుకుంటారు. కాసేపు టేపు లాగిన చప్పుడు, తర్వాత గురక. ముందటి అర్రలో ఆమె కాళ్లు చాపుకొని, సౌండు పెంచుకొని, సీరియల్ చూస్తుంది. కూలర్ కూడా ఇప్పుడు ముందటి అర్రలోనే, ఆమె వైపు తిరిగి ఉంది.

నేను కూర్చొనుండగానే కొడుకు ఫోన్ చేశాడు. ఆమె స్పీకర్ పెట్టింది.

"అర్రల ఇప్పుడేం పెట్టిండ్రమ్మా?"

"మీ బాపును పెట్టిన బిడ్డా."