ఎర్ర చుక్కలు

సెల్లార్‌లో బండి రివర్సు తీసి, ముందుకు వచ్చి, ర్యాంపు దగ్గర మొదటి బ్రేకు వేయగానే వచ్చేది ఆ చప్పుడు. కుడి ముందు చక్రం వైపు నుంచి "ఠక్" అని ఒక్కసారి. రోడ్డెక్కాక చాలాసేపు ఏమీ వినిపించదు.

బండి 2009 నాటి మారుతి జిప్సీ. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 09 అనే ఉంది. యజమాని మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. ఫ్లాటు కొండాపూర్‌లో. వారమంతా ఆఫీసుకు క్యాబు. ఆదివారం తెల్లవారక ముందే జిప్సీ తీసి వికారాబాద్ మీదుగా అనంతగిరి గుట్టలకు, కోట్‌పల్లి ప్రాజెక్టు గట్టుకు వెళ్లేవాడు.

1985లో వచ్చిన జిప్సీని మామూలు జనానికి అమ్మడం 2019 కల్లా ఆగిపోయింది. 2023లో ఇక్కడికి వచ్చిన మారుతి జిమ్నీకి కాయిల్ స్ప్రింగులు. జిప్సీకి మాత్రం నాలుగు చక్రాల దగ్గరా లారీకి ఉన్నట్టు కమాన్ పట్టీలే. పట్టీల కట్టకు ఒక కొస ఫ్రేముకు బిగించి ఉంటుంది. రెండో కొస షాకిల్ అనే ఇనుప పలకల జతకు వేలాడుతుంది. గుంతలో పడి పట్టీలు సాగినప్పుడల్లా షాకిల్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య నలిగేది రబ్బరు బుష్షు.

2024లో బండికి 15 ఏళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఆర్టీఏ తనిఖీకి చూపించాలి. ఆ లోపు చప్పుడు పోవాలి.

మొదట గచ్చిబౌలి వైపు ఒక పెద్ద గ్యారేజీలో ఇచ్చాడు. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. నాలుగు షాక్ అబ్జార్బర్లూ పోయాయన్నారు. కొత్తవి వేసి 19 వేలు తీసుకున్నారు. పాతవి చూపించమంటే స్క్రాపుకు వెళ్లిపోయాయన్నారు. గేటు ముందు రివర్సు తీసి రోడ్డెక్కి బ్రేకు వేశాడు. ఠక్.

ఆఫీసులో ఒకరు హఫీజ్‌పేట సందులో ఉన్న మేస్త్రీ పేరు చెప్పారు. పక్క సీటాయన విని, "జాగ్రత్త. పాత బండంటే మంచి సామాను తీసేసుకుని నాసిరకం బిగిస్తారు" అన్నాడు. టెస్టింగ్ లీడ్ ఆ మాట గుర్తుపెట్టుకున్నాడు. కళ్లతో చూడనిది పని చేస్తోందని ఒప్పుకోకపోవడమే అతని ఉద్యోగం.

షెడ్డు రేకులది. బోర్డు లేదు. మూలన పాత సామాను కుప్ప. మేస్త్రీకి అరవై దాటాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఈ చుట్టుపక్కల గుట్టలే ఎక్కువ. ఆ గుట్టల్లో రాయి మోసే టిప్పర్లను, జీపులను బాగుచేస్తూ ఇక్కడ స్థిరపడ్డాడు.

మేస్త్రీ బండిని ముట్టుకోలేదు. ముందు అడిగాడు.

"సప్పుడు ఎప్పుడొస్తది సార్? గుంతల్నా, బ్రేకు కొడితేనా?"

"బ్రేకుకే."

"ఒకటే సారా, గడగడ కొడ్తదా?"

"ఒక్కసారే."

"రివర్సు తీసినంకనా?"

గ్యారేజీలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అవునన్నాడు.

కుర్రాడు స్టీరింగు అటూ ఇటూ ఆడిస్తుంటే మేస్త్రీ కింద పడుకుని ఒక్కొక్క కీలు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టి ఊపాడు, తర్వాత పక్కలు పట్టి ఊపాడు. ఎక్కడా ఆట లేదు. జాకీ దించి, ముందు బంపరు మీద బరువేసి ఒక్కసారిగా వదిలాడు. బండి లేచి అక్కడే ఆగింది.

"షాకులు మంచిగున్నయి. ఈ మధ్యనే ఎవరో కొత్తయి ఏసిన్రు."

టెస్టింగ్ లీడ్ ఏమీ అనలేదు.

మేస్త్రీ షాకిల్‌కూ ఫ్రేముకూ మధ్య గడ్డపార మొన పెట్టి మెల్లగా ఎత్తాడు. షాకిల్ వేలెడంత కదిలింది. గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు కోలగా అరిగి ఉంది. నాలుగు కమాన్ల దగ్గరా అంతే. ముందు వైపు షాకిల్ పలకలు కూడా అరిగిపోయాయి. యూ బోల్టుల మర తుప్పు పట్టింది.

తర్వాత జేబులోంచి ఒక దారం తీశాడు. ఎడమ వైపు ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా పట్టి ముడి వేశాడు. అదే దారం కుడి వైపు పట్టాడు. కాసేపు చూసి, చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఏం చూశాడో చెప్పలేదు.

"నాలుగిటికి బుష్షులు, ముందట రెండు షాకిళ్లు, నాలుగు యూ బోల్టులు. సామాను రాణిగంజ్‌ల తెస్త. మజూరీతోని ఎనిమిదిన్నర వేలైతది. అయిదు వేలు ఇచ్చిపోండ్రి. ఇంకేమన్న ఉంటే ఇప్పినంక ఎరుకైతది."

ఆఖరి మాట టెస్టింగ్ లీడ్‌కు నచ్చలేదు. అయిదు వేలు ఇచ్చి, బండి పొద్దున తెస్తానని ఇంటికి తీసుకెళ్లాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక భార్య నెయిల్ పాలిష్ సీసా జేబులో వేసుకుని సెల్లార్‌లోకి దిగాడు. ముదురు ఎరుపు రంగు. అట్ట పరుచుకుని బండి కిందికి దూరాడు. గుడ్డతో మట్టీ గ్రీజూ తుడిచి, ఆరిన చోట ఒక చుక్క. షాకిల్ పలకలకు ఒక్కొక్క చుక్క. బయటికి కనిపించే ప్రతి రబ్బరు అంచుకూ ఒక చుక్క. యూ బోల్టులకు నాలుగు.

మార్చేవాటితో ఆగలేదు. కొత్త షాక్ అబ్జార్బర్లకు పెట్టాడు. కమాన్ పట్టీల కొసలకు పెట్టాడు. బ్యాటరీకి, స్టెప్నీ చక్రానికి కూడా పెట్టాడు. లెక్క తేలిక: మార్చినవి చుక్కతో బయటికి రావాలి. మార్చనివి చుక్కతో బండికే ఉండాలి. ఈ రెంటిలో ఏది తప్పినా దొంగ దొరికినట్టే. ఒక్కొక్క చుక్కకూ ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

వాచ్‌మన్ టార్చి వెలుగు చూసి వచ్చాడు.

"ఏం పడిపోయింది సార్?"

"తాళంచెవి."

వాచ్‌మన్ కూడా కూర్చుని కాసేపు వెతికాడు.

పొద్దున షెడ్డులో బండి అప్పగించి, పని జరుగుతున్నంత సేపూ పక్కనే ఉంటానన్నాడు. మేస్త్రీ వద్దన్నాడు.

"మీరు నిలవడితె పోరగాండ్లకు చెయ్యాడది సార్. పొయ్యి రేపు పొద్దుమీకి రాండ్రి."

పాత సామాను కావాలని టెస్టింగ్ లీడ్ అడగలేదు. అడిగితే మేస్త్రీ జాగ్రత్తపడతాడు.

మర్నాడు సాయంత్రం వెళ్లేసరికి బండి నాలుగు చక్రాల మీద నేల మీద ఉంది. కుర్రాళ్లు పెద్ద పానాతో షాకిల్ నట్లు బిగిస్తున్నారు. జాకీ మీద ఉన్నప్పుడే ఎందుకు బిగించలేదని అడిగాడు.

"బరువు పడ్డంకనే బిగియ్యాలె సార్. గాల్ల ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలివడ్తది."

అది నిజం. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే ఆ రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. పైకి కనపడదు. త్వరలోనే చిరిగి మళ్లీ మొదటికొస్తుంది. తొందర పనిలో ముందుగా వదిలేసేది ఈ ఒక్క జాగ్రత్తనే. ఇక్కడ రబ్బరుకు గ్రీజు కూడా పూయలేదు. సబ్బు నీళ్లతో జారవిడిచి ఎక్కించారు. గ్రీజు నూనె రబ్బరును ఉబ్బించి తినేస్తుంది.

టెస్టింగ్ లీడ్ బండెక్కాడు. రివర్సు తీశాడు. ముందుకు వచ్చి బ్రేకు వేశాడు. చప్పుడు లేదు. మళ్లీ రివర్సు, మళ్లీ బ్రేకు. లేదు. సందు చివరి దాకా వెళ్లి వచ్చి ఇంకోసారి చూశాడు. లేదు.

దిగగానే మేస్త్రీ ఒక గోనెసంచి తెచ్చి ముందు పెట్టాడు. "మీ పాత సామాను సార్. చూస్కోండ్రి." చిట్టీ చేతికిచ్చాడు.

టెస్టింగ్ లీడ్ గొంతుకూర్చుని సంచి విప్పాడు. ఒక్కొక్కటే బయటికి తీసి, బొటనవేలితో జిడ్డు తుడిచి చూశాడు. షాకిల్ పలకలు, చుక్క ఉంది. యూ బోల్టులు నాలుగు, నాలుగింటికీ ఉంది. రబ్బరు ముక్కలు కొన్ని చేతిలోనే పొడిపొడి అవుతున్నాయి, వాటికీ ఉంది. తీసినవన్నీ వరసగా నేల మీద పెట్టాడు. మేస్త్రీ నిలబడి చూస్తున్నాడు.

సంచి అడుగున ఇంకొకటి తగిలింది. ఒక బోల్టు, రెండు ముక్కలు. తిప్పి చూశాడు. ఏ వైపూ చుక్క లేదు.

చిట్టీ చూశాడు. పైన రాసినదంతా నీలం సిరా. చివరి వరస నల్ల సిరా: సెంటర్ బోల్టు 1, 120 రూపాయలు.

"ఇది నా బండిది కాదు."

కుర్రాళ్లు చేతిలో పని ఆపారు.

"ఎట్ల చెప్తున్నరు సార్?" అన్నాడు మేస్త్రీ.

టెస్టింగ్ లీడ్ నోరు తెరిచి మూశాడు. ఎలాగో చెప్పడానికి వీల్లేదు.

మేస్త్రీ జేబులోంచి దారం తీశాడు. ముడి ఇంకా అలాగే ఉంది. ఎడమ వైపు పట్టాడు, సరిపోయింది. కుడి వైపు పట్టాడు, సరిపోయింది.

"మొన్న కుడి దిక్కు అర్ధవేలు తక్కువొచ్చింది సార్. జిప్సీకి రెండు దిక్కుల 2375 మిల్లీమీటర్లుండాలె. అప్పుడే అనుకున్న. ఇప్పకుంట చెప్పుడు మంచిగుండదని చెప్పలే."

పట్టీల కట్టను నడిమధ్యన కుట్టినట్టు పట్టి ఉంచేది ఈ సెంటర్ బోల్టు. దాని తల ఇరుసు అడుగున గుంతలో కూర్చుని, ఇరుసు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంచుతుంది. అదిమి పట్టే పని యూ బోల్టులది. అవి వదులైతే ఆ భారమంతా ఈ చిన్న తల మీద పడుతుంది. కొన్నాళ్లకు తెగుతుంది. తెగాక బ్రేకు వేస్తే ఇరుసు వెనక్కి జారుతుంది, రివర్సులో బ్రేకు వేస్తే ముందుకు జారుతుంది. జారిన ప్రతిసారీ ఒక ఠక్. పైన ఇరుసు, కింద బిగింపు పలక. పలక రంధ్రంలో మట్టి గట్టిపడితే, విప్పితే తప్ప ఆ బోల్టు ఎవరి కంటికీ కనపడదు, ఎవరి వేలికీ అందదు.

మేస్త్రీ రెండు ముక్కలూ తీసుకుని విరిగిన చోటు చూపించాడు. సగం తుప్పు, సగం తెల్లని మెరుపు.

"సగం ఎన్నడో తెగింది. మిగిలింది ఈ నడుమ తెగింది. బుష్షులు అరిగినయ్ గని, సప్పుడు వాటిది గాదు. దీనిది." టార్చి చేతికిచ్చి అట్ట పరిచాడు. "కొత్తది ఏడ ఏసిన్నో చూస్తరా?"

టెస్టింగ్ లీడ్ బండి కిందికి దూరాడు. బిగింపు పలక మధ్య రంధ్రంలో కొత్త బోల్టు కొస కనిపించింది. దాని మీద ఒక ఎర్ర చుక్క.

టార్చి పక్కకు తిప్పాడు. యూ బోల్టు మీద ఎర్ర చుక్క. షాకిల్ పలక మీద ఎర్ర చుక్క. రబ్బరు అంచున ఎర్ర చుక్క.

పాతవే మళ్లీ బిగించాడన్నది మొదటి ఆలోచన. కానీ పాతవన్నీ బయట నేల మీద వరసగా ఉన్నాయి.

వెలుగు దగ్గరికి తెచ్చాడు. ఈ ఎరుపు కాస్త లేత. వేలు పెట్టి చూశాడు. చుక్క ఇంకా పూర్తిగా ఆరలేదు, వేలికి అంటింది. షాక్ అబ్జార్బర్ల వైపు చూశాడు. అక్కడ తను పెట్టిన ముదురు చుక్కలు పెట్టినట్టే ఉన్నాయి.

మెల్లగా బయటికి వచ్చి లేచి నిలబడ్డాడు. వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఈ చుక్కలు..."

"మా మన్మరాలి నెయిల్ పాలిష్ సార్" అన్నాడు మేస్త్రీ. "రేపు ఇంకో మేస్త్రీ కాడికి తోలుకపోతే, మళ్ల బండి కింద దూరే తక్లీబు మీకెందుకని నేనే పెట్టిన."