మా రోజుల్లో పేపరు ఫారం దాటాలి

రాత్రి పదకొండింటికి బనీను మీదే మంచమెక్కి, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఇప్పటి కుర్ర సైంటిస్టులు జర్మనీకో నెదర్లాండ్స్‌కో పేపరు పంపించేస్తున్నారు. మా రోజుల్లో పేపరు ముందు చెరకు ఫారం దాటాలి, తర్వాత హెడ్డు గారి గది దాటాలి, ఆపైన రాజేంద్రనగర్‌లోని యూనివర్సిటీ ఆఫీసు దాటాలి. అవన్నీ దాటి పత్రికాఫీసుకు చేరేసరికి ఇక్కడ మొక్క తోట నరికేశాక ఆ మోళ్ల నుంచి వచ్చే కార్శి తోట మోకాలెత్తు లేచేది.

"అంత ఆలస్యం ఎలా భరించారండీ?" అని జాలిపడతారు వీళ్లు. ఆలస్యం సంగతి తర్వాత చూద్దాం. ఆ దారి పొడుగునా ఆ పేపర్ని ఎంతమంది చదివేవారో ముందు చెప్పనివ్వండి.

అనకాపల్లి అనగానే ఎవరికైనా బెల్లమే గుర్తొస్తుంది. దేశంలో పెద్ద బెల్లం మార్కెట్లలో మాదొకటి. ఆ బెల్లం వెనక 1913 నుంచీ ఒక చెరకు పరిశోధన కేంద్రం ఉందన్న సంగతి ఊళ్లో చాలామందికి పట్టదు. కోయంబత్తూరులో చెరకు ప్రజనన సంస్థ 1912లో పుడితే ఆ మరుసటేడే మా కేంద్రం మొదలైంది. ఇక్కడ తేల్చిన రకాల్లో ఒకదాన్ని రైతులు 87 ఏ 298 అంటారు. ఏ అంటే అనకాపల్లి. అదే చెరకు జర్నల్ పేపర్లోకి ఎక్కితే కోఏ 92081. చోడవరం వైపు పొలం గట్టు మీద ఏమంటారో, కోయంబత్తూరు మీటింగులో ఏమంటారో రెండూ ఎరిగినవాడే పేపరు ముట్టుకోవాలని మా పెద్దల పట్టు.

లెక్కలు చూద్దాం. ప్లాటు ప్లాటుకీ చెరకు నరికించి, తూయించి, రసం తీసి బ్రిక్స్ చూసి, అంకెలన్నీ ఫీల్డ్ బుక్కులో ఎక్కించేవాళ్లం. ఆ అంకెల్ని ఫేసిట్ మిషన్ మీద వేసేవాళ్లం. చేత్తో పిడి తిప్పే యంత్రం అది. ముందుకు తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. భాగహారంలో ఒక చుట్టు ఎక్కువ తిప్పేస్తే టింగుమని గంట కొట్టేది. వర్గాలు కట్టి, కరెక్షన్ ఫ్యాక్టర్ తీసేసి, ట్రీట్‌మెంట్లదెంత, రెప్లికేషన్లదెంత, మిగిలిన ఎర్రరెంత అని విడదీసేసరికి మధ్యాహ్నం గడిచిపోయేది. ఆ తర్వాత ఫిషర్, యేట్స్ టేబుళ్లు తెరిచి సీడీ, అంటే క్రిటికల్ డిఫరెన్స్, కట్టాలి. చెయ్యి నొప్పెట్టేది నిజమే. కానీ ఏ ప్లాటులో అంకె వంకరగా ఉందో ఆ చేతికి తెలిసిపోయేది. మూడో రెప్లికేషన్లో ఒక ప్లాటు దిగుబడి ఉన్నట్టుండి పడిపోయిందంటే అక్కడ నీరు నిలిచిందా, పీక పురుగు కొట్టిందా అని లేచి వెళ్లి చూసొచ్చేవాళ్లం. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో పోస్తే రెప్పపాటులో నక్షత్రాలు వేసిచ్చేస్తుంది. ఒక నక్షత్రమా, రెండా, మూడా? అంతవరకే. ఆ ప్లాటు ఏ మూల ఉందని అడిగితే ఫైల్లో చూసి చెబుతానంటారు.

ఇక టైపు. ఫుల్‌స్కేప్ కాగితాల మీద చేత్తో రాసిచ్చిన దాన్ని టైపిస్టు గారు బాండ్ పేపరు మీద డబుల్ స్పేసింగ్‌లో కొట్టాలి. మధ్యలో కార్బన్లు, వెనక పల్చటి కాపీలు. ఆ మిషన్ మీద ప్లస్ ఆర్ మైనస్ గుర్తు ఉండేది కాదు. ముందు ప్లస్ కొట్టి, ఒకడుగు వెనక్కి జరిపి, దాని కింద గీత కొట్టేవారు. ఎర్రకుళ్లు శిలీంధ్రం పేరు కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్ వచ్చిన ప్రతిచోటా కింద గీత పడాలి, ప్రెస్సువాడు దాన్ని వాలు అక్షరాల్లో కూర్చడానికి. గ్రీకు అక్షరాలకు ఖాళీ వదిలితే మేం పెన్నుతో నింపేవాళ్లం. పన్నెండు వరసల పట్టికలో ఆఖరి వరస తప్పితే పేజీ మొత్తం మళ్లీ మొదటికి. అందుకే టైపుకివ్వక ముందే ప్రతి అంకెనీ ఇద్దరం కూర్చుని, ఒకరు పైకి చదివితే ఇంకొకరు టిక్కు పెట్టేవాళ్లం. ఇంగ్లీషు వాక్యం అతకకపోతే టైపిస్టు గారే కళ్లజోడు పైకెత్తి, "ఇదేంటి సార్, దీనికి కర్త లేడు" అనేవారు.

అసలు రివ్యూ జరిగేది ఫారంలో. పేపర్లో ఏం రాశామో మేస్త్రీకి తెలుగులో చెప్పడం మా స్టేషన్లో ఆనవాయితీ. ఆయన బీడీ ఆర్పి, అంతా విని, "మొక్క తోట లెక్కలే రాసీసారేటి బాబూ? కార్శికి ఎర్రకుళ్లొచ్చిన సంగతేటయింది మరి?" అనేవాడు. దానికి జవాబు లేకపోతే హెడ్డు గారు కాగితాలు వెనక్కి తోసి, ఇంకో సీజను చూసి రాయమనేవారు. అది చాదస్తం కాదండీ. పంచదార దండిగా ఉన్న కోసీ 671 లాంటి రకమే ఎర్రకుళ్లు ముందు నిలవలేకపోయింది. ఒక్క ఏడాది దిగుబడి చూసి మెచ్చేసుకుంటే ఏమవుతుందో మా పెద్దలకు తెలుసు.

ఇప్పుడు ఆ శ్రమంతా ఎటు పోయింది? పోలేదు, చోటు మారింది. మొన్నొక అమ్మాయి, మా కేంద్రంలో పనిచేసే పిల్లే, "మాస్టారూ, పేపరు రాయడం అయిపోయింది, సబ్మిషనే మిగిలింది" అంటూ తెరిచి చూపించింది. ముందు రచయితలందరికీ ఆర్కిడ్ నంబరు, 16 అంకెలది. కవరింగ్ లెటరు. హైలైట్లు, ఒక్కోటీ 85 అక్షరాలు మించకూడదు. బొమ్మలు 300 డీపీఐ. కథంతా ఒక్క బొమ్మలో చెప్పే గ్రాఫికల్ అబ్‌స్ట్రాక్ట్. పేర్లు చెరిపేసిన కాపీ ఒకటి, పేర్లున్న కాపీ ఒకటి. ప్రయోజనాల ఘర్షణ లేదని ఒక ప్రకటన, ఏఐ వాడామో లేదో ఇంకో ప్రకటన. ఎవరే పని చేశారో చెప్పడానికి 14 రకాల పాత్రలట. చెరకు నరికి తూచిన మేస్త్రీ ఏ పాత్రలోకి వస్తాడో నాకైతే తేలలేదు. ఇంతా నింపి సాయంత్రం పంపితే, మూడో పూట తిరిగొచ్చింది. మీ విషయం మరీ స్థానికం, మా పరిధిలోకి రాదు, వందనాలు. చెరకు స్థానికంగా కాక ఆకాశంలో పండుతుందా?

తర్వాత పోలికల పరీక్ష. 2018లో యూజీసీ పెట్టిన నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు, అది దాటితే మెట్టుమెట్టుగా చర్యలు. దొంగను పట్టుకోవాలి, కాదనను. కానీ మా పొలం అదే, నేల అదే, సాళ్ల మధ్య ఎడం అదే. ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో మూడు రెప్లికేషన్లతో ప్రయోగం వేశామన్న మాటను ఎన్ని రకాలుగా తిప్పి చెబుతాం? దానికి భయపడి కొందరు వాక్యాల్ని మిషన్లో వేసి తిప్పించుకుంటున్నారు. 2021లో గియోమ్ కబనాక్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆయన తోటివారు ఇలాంటి వంకర మాటల్ని ఏరి చూపించారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనాల్సిన చోట కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్ అని అచ్చేశారట. రివ్యూయర్లూ ఎడిటర్లూ దాటి అచ్చయ్యాయి అవి. మా టైపిస్టు గారి కళ్లజోడు దాటేవి కావు.

ఇంతకీ ఈ తొందర దేనికి? మార్కులకి. "విషయమేంటి?" అని ఎవరూ అడగరు, "నాస్ రేటింగ్ ఎంత?" అంటారు. జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పత్రికలకు వేసే మార్కులవి. ప్రమోషనుకు అదే లెక్క. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో అచ్చేశారు. పత్రికలకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కట్టి ఏటా జాబితా వేయడం 1975లో గానీ మొదలవలేదు. సుబ్బారావు గారి పద్ధతి పనికొచ్చింది కాబట్టి లోకంలోని ల్యాబులన్నీ వాడుకున్నాయి. ఇప్పటి మార్కుల వ్యవహారం మా యార్డులో బెల్లం బేరంలా ఉంది. వర్తకుడు రంగు చూసి ధర కడతాడు, రైతు హైడ్రోస్ కొట్టి దిమ్మను తెల్లబరుస్తాడు. తినేవాడి నోటి సంగతి ఇద్దరికీ అక్కర్లేదు.

ఈ సందట్లో దళారులు దిగారు. నేను రిటైరై ఇంట్లో మనవల్ని ఆడిస్తుంటే, నా మెయిలుకు వారం వారం "గౌరవనీయులైన ప్రముఖ ప్రొఫెసర్ గారికి" అంటూ పిలుపులు. చేపల మీద రాయమని ఒకరు, గుండె జబ్బుల మీద రాయమని ఇంకొకరు. కింద సన్నటి అక్షరాల్లో ఫీజు, డాలర్లలో. హైదరాబాద్‌లో పుట్టిన అలాంటి పత్రికల సంస్థ ఒకటి రచయితల్ని మోసం చేసిందని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. మా రోజుల్లో పత్రికకు సభ్యత్వం కోసం డీడీ తీసి పంపేవాళ్లం. దానికి బదులుగా పత్రిక ఇంటికొచ్చేది.

మా రోజులన్నీ బంగారమని నేననను. మేమేం రాశామో చదవకుండానే తమ పేరు ముందు పెట్టించుకున్న పై అధికారులు మాకూ ఉండేవారు. ఒక పాత పేపరు కావాలంటే ఢిల్లీలోని ఇన్స్‌డాక్‌కు రాసి, ఫొటోకాపీ కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూస్తూ కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఒక దేశం ఒకే చందా అని కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించి, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికల్ని 2025 జనవరి నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అందుబాటులోకి తెచ్చింది. మాకు అది దొరికి ఉంటే పండగ చేసుకునేవాళ్లం. వీళ్లకు దొరికింది, చదివే తీరికే లేదు. ఫారాలు నింపుకోవాలి కదా.

కాబట్టి ఆ టైపు మిషన్నీ, కార్బన్ కాగితాల్నీ మళ్లీ తెమ్మని నేనడగను. పంపండి, రాత్రి పదకొండింటికే పంపండి. ఆ పోర్టల్ మిమ్మల్ని రివ్యూయర్ల పేర్లు సూచించమంటుంది కదా. అంతకంటే ముందు ఒక రివ్యూయర్ని మీ ఫారంలోనే చూసుకోండి. ఆయనకు ఆర్కిడ్ నంబరు ఉండదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. కార్శి సంగతి మాత్రం తప్పకుండా అడుగుతాడు. దానికి జవాబు దొరికాక నొక్కండి ఆ బటను.