ఇచ్చట 'నో' చెప్పుట నేర్పబడును

ఎంబీఏ సాఫ్ట్ స్కిల్స్ క్లాసు. ట్రైనర్ గారు తెర మీద మూడు బొమ్మలు చూపిస్తారు. తల వంచుకున్నవాడు పాసివ్, కళ్లెర్రజేసినవాడు అగ్రెసివ్, నిటారుగా నిలబడి చిరునవ్వు నవ్వేవాడు అసర్టివ్. "మీ ఇబ్బంది అర్థమైంది సార్, కానీ ఈ పని ఒప్పుకోలేను" అని క్లాసంతా ఒకే గొంతుతో ఎక్కాల్లా అప్పజెబుతుంది.

ఈ క్లాసే నాకక్కర్లేదు అని ఎవడైనా అంతే నిటారుగా నిలబడి అన్నాడా, హాజరు 75 శాతానికి చేరదు, హాల్‌టికెట్ చేతికి రాదు.

'నో' చెప్పే ఈ విద్యను జనంలోకి తెచ్చినవాళ్లలో అమెరికన్ సైకాలజిస్టు మాన్యుయల్ స్మిత్ ఒకరు. 1975లో వచ్చిన ఆయన పుస్తకంలో 'అరిగిన రికార్డు' అనే చిట్కా ఉంది. ఎదుటివాడు ఏమన్నా సరే, కోప్పడకుండా మన మాటే మళ్లీ మళ్లీ అనాలి. పాపం, స్మిత్ మన కాలేజీల ఆఫీసు రూములు చూసి ఉండడు. ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం వెళ్లిన పిల్లాడితో గుమస్తా తలెత్తకుండానే "డ్యూ క్లియర్ చేసి రా" అంటాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ గవర్నమెంటు ఇవ్వాలి కద సార్? "డ్యూ క్లియర్ చేసి రా." సోమవారమే జాయినింగ్ సార్. "డ్యూ క్లియర్ చేసి రా." ఏ ట్రైనింగూ లేకుండానే అబ్బిన విద్య! ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. పిల్లాడికి నేర్పిన వాక్యం నోటికొచ్చు, చిరునవ్వూ ఉంది. బీరువా తాళం మాత్రం అవతలివాడి జేబులో ఉంది.

పెద్ద కుర్చీ ఎక్కితే నోరు దానంతటదే లేస్తుందనీ అనుకోనక్కర్లేదు. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు కూర్చుంది. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కోసం 160 కోట్ల డాలర్లు పెట్టాలన్నది ప్రతిపాదన. బయటి డైరెక్టర్లలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఒకరు, మన గచ్చిబౌలి ఐఎస్‌బీ డీన్ ఇంకొకరు. వీళ్లకు మాట్లాడటం రాదని ఏ ట్రైనరూ అనలేడు. ప్రశ్నలు వేశారు, ఆనక ఏకగ్రీవంగా ఆమోదించారు. కాదన్నది ఇన్వెస్టర్లు. న్యూయార్క్‌లో అయినకాడికి అమ్ముకుని షేరు ధరను సగానికి పైగా కూల్చారు. గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కలే బూటకమని ఉత్తరం రాశారు.

ఈ కథను కార్పొరేట్ గవర్నెన్స్ పేపర్లో పది మార్కుల ప్రశ్నగా ఎలాగూ అడుగుతారు. సాఫ్ట్ స్కిల్స్ క్లాసులోనూ ఒక పూట చెప్పండి. ఈలోగా ఆ పిల్లల సర్టిఫికెట్లు ఇచ్చి పంపండి.