ఆడినవాడికే ఆ కుర్చీ

మా రోజుల్లో రగ్బీ లీగ్ క్లబ్బు పెద్ద ఎవరో తెలియాలంటే చెవులు చూస్తే సరిపోయేది. స్క్రమ్ముల్లో, అంటే ఇరుజట్లూ తలలు ఆనించి తోసుకునే చోట, నలిగి ముద్దగా మారిన చెవులు. ఇప్పుడు స్క్రమ్ములో తోసుకోవడమే లేదు. ఇక చెవులెక్కడ నలుగుతాయి?

నేను సిడ్నీ వచ్చి న్యూటౌన్‌లో అద్దెకు దిగిన కాలంలో, న్యూటౌన్ జట్టు మైదానం హెన్సన్ పార్కులో ఆడినవాళ్ళే సోమవారం పొద్దున్నే లారీ తోలేవాళ్ళు, పోలీసు డ్యూటీకి పోయేవాళ్ళు. 1981లో ఫైనల్ ఆడిన ఆ జట్టును 1983 సీజన్ అయ్యాక డబ్బుల్లేవని లీగ్‌లోంచి తీసేశారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

అసలు ఈ ఆట పుట్టిందే కూలి డబ్బుల గొడవలో. ఆట కోసం పని మానుకున్న గని కార్మికుడికి పోయిన కూలి ఇవ్వాలని 1895లో ఇంగ్లండ్‌లో ఉత్తరాది క్లబ్బులు రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయి. సిడ్నీలోనూ అంతే. ఆటగాడు అలెక్ బర్డన్ గాయపడి పనికి పోలేకపోతే రగ్బీ యూనియన్ ఆదుకోలేదు. 1907 ఆగస్టులో బేట్‌మన్ హోటల్లో కొందరు కూర్చుని కొత్త లీగ్ పెట్టారు. క్రికెటర్ విక్టర్ ట్రంపర్ కూడా వాళ్ళతో ఉన్నాడు. మరుసటి జనవరిలో ప్యాడింగ్టన్ టౌన్ హాల్లో ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్బు మొదలైంది. దాని తొలి కెప్టెన్ హారీ ఫ్లెగ్, అందరి నోటా ‘జెర్సీ’ ఫ్లెగ్. 1908 ఏప్రిల్ 20న న్యూటౌన్‌ను 32–16తో ఓడించారు. కొత్త లీగ్‌లో చేరితే పాత ఆట తలుపులు జన్మంతా మూసుకుపోతాయని తెలిసే వాళ్ళు దిగారు!

అప్పుడు ఇన్ని ట్యాకిళ్ళకే బంతి వదలాలన్న లెక్క లేదు, అది 1967లో వచ్చింది. దెబ్బ తగిలితే బదులు దిగేవాడూ లేడు. 1914లో సిడ్నీ టెస్టును బ్రిటన్ ఒక దశలో పదిమందితోనే ఆడి గెలిచింది. ఆ కాలపు దెబ్బలు తిన్న ఫ్లెగ్ 1929 నుంచి 1960లో కన్నుమూసేదాకా న్యూ సౌత్ వేల్స్ లీగ్ అధ్యక్షుడు. అంతకాలం ఒకడే కుర్చీ పట్టుకోవడం నాకు నచ్చదు. కానీ ఎముక విరిగినవాడి ఇంట్లో ఆ వారం ఏం జరుగుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కుర్రాళ్ళ పోటీకి ఇప్పటికీ అతని పేరే.

ఇప్పుడో? సీజన్ తొలి మ్యాచ్‌లు లాస్ వేగాస్‌లో. క్లబ్బుల్లో సీఈవోలు, బ్రాండ్ మేనేజర్లు. 1999 తర్వాత సౌత్ సిడ్నీ జట్టును లెక్కలు చూపించి బయటికి నెట్టినప్పుడు వీధుల్లోకి వచ్చి, కోర్టుకెక్కి పోరాడిందెవరు? ఆ జట్టుకే హుకర్‌గా ఆడిన ఛైర్మన్ జార్జి పిగిన్స్, ఆయన వెంట వేలాది అభిమానులు. 2002లో జట్టు తిరిగొచ్చింది. లెక్కలు చూసేవాళ్ళు అంతదూరం పోతారా?

లెక్కలు రాయడానికి ఉద్యోగులు ఉండనీ, కాదనను. నిర్ణయం చేసే బోర్డులో మాత్రం సగం కుర్చీలు ఆడినవాళ్ళవి కావాలి. సిడ్నీలో ఉన్న మన తెలుగువాళ్ళకూ ఒక మాట: పిల్లల్ని మీ పేటలోని క్లబ్బులో చేర్పించండి, సభ్యత్వం తీసుకోండి, ఏటా జరిగే సర్వసభ్య సమావేశానికి వెళ్ళి ఈ సంగతి గట్టిగా అడగండి.