ఉత్తరాల తీగకి పాస్‌వర్డు లేదు

మీకు తెలీదు గానీ నాయనా, ఒకప్పుడు ఇంటికొచ్చిన కబుర్లన్నీ ఒకే ఇనపతీగ మీద ఉండేవి. పైన కొక్కెం, కింద చెక్కబిళ్ల, వసారాలో దూలానికి వేలాడేది. ఉత్తరం వచ్చిందంటే చదవడం, తీగకి గుచ్చడం. కొత్తది పైన, పాతది కింద. పోయిన ఆషాఢంలో పిన్ని ఏం రాసిందో చూడాలంటే సగం కిందికి వేలు పోనిస్తే దొరికేది. చావు కబురు తెచ్చిన కార్డు మాత్రం చదివి చింపి పారేసేవారు, ఇంట్లో ఉంచకూడదని. ఏది దాచాలో, ఏది పారెయ్యాలో తెలిసిన కాలం అది. ఇప్పుడు మీరో? వాట్సాప్‌లో వచ్చిన శుభోదయం గులాబీలు కూడా రెండేసి డిస్కుల మీద భద్రం.

రెండు డిస్కులని ఎందుకన్నానంటే, మా మనవడు సంక్రాంతికని బెంగళూరు నుంచి శ్రీకాకుళం వచ్చాడు. భోగిమంట దగ్గర కూర్చోవలసిన గుంటడు టీవీ వెనక దూరి, ఒక నల్ల పెట్టె బిగించాడు. ఫైల్ సర్వరట. ఫొటోలు, దస్తావేజుల స్కానులు, నా పెన్షను కాగితాలు అన్నీ ఇకమీదట అందులోనేనట. ఒక డిస్కు మీద రాసింది అప్పటికప్పుడే రెండోదాని మీదా పడుతుందట, ఒకటి పాడైనా రెండోది ఉంటుందట.

"మరి నువ్వే పొరపాట్న చెరిపేస్తే?" అన్నాను.

"రెండిట్లోనూ పోతుంది తాతా."

ఇదేటి భద్రతరా బాబూ! మా రోజుల్లో పెళ్లి ఫొటోలు రెండు సెట్లు కడిగించేవారు. ఒకటి అత్తారింట్లో, ఒకటి పుట్టింట్లో. నాగావళి పొంగి ఇక్కడి సెట్టు తడిసిపోయినా, రెండో ఊళ్లో పెళ్లికూతురు తలొంచుకుని అలాగే కూర్చునుండేది. దస్తావేజు చెదలు తినేస్తే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి పోయి నకలు తెచ్చుకునేవాళ్లం. మీ డిస్కులు రెండూ ఒకే పెట్టెలో, ఒకే ప్లగ్గు మీద. పిడుగు పడితే ఒక్క దెబ్బకి రెండూనూ.

సరే, పెట్టె పెట్టాక దానికి చిరునామా కావాలట. రూటర్లోకి వెళ్లి 192.168.1.50 అని ఖాయం చేశాడు. అలా చెయ్యకపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడు రూటరు దానికి ఇంకో నంబరు ఇచ్చేసినా ఇచ్చేస్తుందట. సొంతింట్లో ఉన్న పెట్టెకి చిరునామా మారిపోవడమేటో! పైగా ఈ 192.168 పక్కింట్లోనూ ఉంటుంది, పార్వతీపురంలోనూ ఉంటుంది, అమెరికాలోనూ ఉంటుంది. గడప దాటితే చెల్లదు.

మరి వీడు బెంగళూరు నుంచి చూసుకోవాలి కదా! అంచేత పోర్టు ఫార్వర్డింగ్ అనేదేదో చేశాడు. ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద చూశాడు. రాలేదు. మళ్లీ చేశాడు. రాలేదు. వాళ్ల నాయనమ్మ పెట్టిన కాఫీ చల్లారిపోయింది. చివరికి తేలిందేటంటే, మా రూటరుకి బయటివైపున్న చిరునామా 100.64తో మొదలవుతోంది. అంటే నెట్టువాడు ఇంటింటికీ సొంత చిరునామా ఇవ్వకుండా, బోలెడన్ని ఇళ్లని ఒకే చిరునామా వెనక కుక్కేశాడన్నమాట. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచం మొత్తానికీ కలిపి 430 కోట్ల లోపేనట, మన ఆసియా వాటాకి 2011లోనే కరువొచ్చిందట. మన గుమ్మం ఎంత బార్లా తీసినా, వచ్చేవాడు వీధి మొదట్లోనే ఆగిపోతాడు.

నేను విజయనగరంలో ఉద్యోగం చేసేటప్పుడు ఇంట్లో కాగితం కావాలంటే ఒక కార్డు ముక్క రాసేవాణ్ణి. మా అమ్మ పక్కింటాయన చేత చదివించుకుని, రెండు గుండ్రటి ముద్రలున్న కాగితం వెతికి తీసి, బస్సు కండక్టరు చేతిలో పెట్టేది. ఆయన కాంప్లెక్సులో దిగి నా పేరు పెట్టి కేకేసేవాడు. పాస్‌వర్డు లేదు, ముఖం చూసి ఇచ్చేవాడు. నేను మీసం తీయించేసినప్పుడు మాత్రం ఇవ్వనని మొండికేశాడు, అది వేరే సంగతి.

అయినా పెట్టెకి అలా బయటికి తలుపు తీసి ఉంచకపోవడమే మంచిదట. 2017 మేలో వన్నాక్రై అని ఒకటొచ్చి, ఫైళ్లు పంచుకునే దారిలోనే దూరి, దేశదేశాల కంప్యూటర్లకి తాళాలేసి డబ్బడిగింది. మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లనే వదల్లేదు, మనమెంత! అంచేత వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్ అనేదాన్ని పెట్టాడు. లోపలి పెట్టె తనంతట తాను బయటికి పోతుంది, బెంగళూరు ఫోనూ బయటికొస్తుంది, ఇద్దరూ ఎక్కడో కలుసుకుని గుట్టుగా మాటాడుకుంటారు. మా కాలంలో ఇలాంటివి సినిమాహాలు దగ్గర జరిగేవి.

దాచడం ఎలాగో మా ఊరి కథకుడు కారా మాస్టారిని చూసి నేర్చుకోవాలి. సాహిత్య అకాడెమీ అవార్డుతో వచ్చిన డబ్బు కూడా పెట్టి, 1997 ఫిబ్రవరి 22న ఈ ఊళ్లోనే కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక్కచోట ఉండాలని పాత పత్రికలు పోగేశారు. ఎవరొచ్చినా కూర్చుని చదువుకోవచ్చు, ఏ రూటరూ అడ్డు రాదు. "ఈ ఊళ్లో అసలు సర్వరు అదిరా" అన్నాను మనవడితో.

"అవును తాతా, ఆ కథలు స్కాన్ చేసి నెట్లో పెట్టారు కదా. నేను బెంగళూరులో అవే చదువుతుంటాను" అన్నాడు.

ఈ గుంటడికి పెద్దలతో మాటాడ్డం తెలీదు.

నెట్లో ఉంటే సరేనా, కరెంటు పోతేనో? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగాయి. పల్లెలకి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు మీ సర్వరేం చేస్తుంది? అదే కాగితమైతే దీపం పెట్టుకుని చదువుకోవచ్చు. తుపాను వెలిశాక తడిసిన పాస్‌పుస్తకాలు ఎండలో ఆరేసిన ఇళ్లు కూడా చూశాననుకోండి, ఆ మాట మా వాడికి చెప్పకండి.

వాడు వెళ్లిపోయాడు. పెట్టె పచ్చ దీపం వెలిగించుకుని గుర్రుమంటూనే ఉంది. రాత్రి నిద్రపట్టనప్పుడు రిమోటు తీసి ఫొటోలు పెడతాను. అసలు ఫొటోలో మా నాన్న ముఖం గోరంత. ఇప్పుడు టీవీ నిండా ఆయనే, చెవిపోగు కూడా కనిపిస్తోంది. బావుందని ఎవరితోనూ అనలేదు, మీరూ అనకండి, వాడు ఇంకో పెట్టె తెస్తాడు.

మూడో డిస్కు మాత్రం ఒకటి కొనిపించాను. అన్నీ అందులోకి ఎక్కించి, విజయనగరంలో మా చెల్లెలి ఇంట్లో బీరువాలో పెట్టాలి. వాడు కొరియర్లో పంపమన్నాడు. నేనెందుకు పంపుతాను? బస్సెక్కి నేనే పట్టుకెళ్తాను. మూడు నెలలకోసారి కొత్తవి ఎక్కించాలన్నాడు కాబట్టి మూడు నెలలకోసారి వెళ్లక తప్పదు. మా చెల్లెలు పనసపొట్టు కూరలో ఆవ పెట్టిందంటే, అక్కర్లేకపోయినా నెలకోసారి ఎక్కిస్తాను.