మొదటి ప్రాధాన్యం

2025 ఫిబ్రవరి. మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. బరిలో 56 మంది.

కరీంనగర్‌లో రిటైరైన పొలిటికల్ సైన్స్ లెక్చరర్ ఒకాయన, పొద్దున వాకింగ్‌కు వచ్చినవాళ్లను ఆపి మరీ పాఠం చెప్పారు.

"ఎమ్మెల్యే ఎన్నికల ముగ్గురు గట్టిగ నిలబడితే నూటికి 35 తెచ్చుకున్నోడు గెలుస్తడు. మిగతా 65 మంది వద్దన్నా సరే. ఇక్కడ అట్ల కాదు. నచ్చిన వరుసల పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తం. మీవాడు ఓడినా మీ ఓటు ఓడదు. రెండో అంకె ఎవరికి వేస్తే వాళ్లకు పోతది."

"రెండోది వేస్తే మొదటాయనకు దెబ్బ గాదా సార్?" బ్యాంకు ఉద్యోగి అడిగాడు.

"ఆయన పోటీల ఉన్నంతసేపు నీ రెండో అంకె దిక్కు ఎవ్వరూ చూడరు."

ఓట్లు చీలుతాయని భయపడి, నచ్చనివాడికి గుద్దే అవస్థ ఇందులో లేదని బ్యాంకు ఉద్యోగికి అర్థమైంది. అతనూ పదిమందికి చెప్పాడు.

లెక్చరర్ జాగ్రత్తలు కూడా చెప్పారు. టిక్కు పెట్టొద్దు. సొంత పెన్ను తీయొద్దు, బూత్‌లో ఇచ్చే ఊదా స్కెచ్ పెన్నే వాడాలి. 1 వేయకుండా 2, 3 వేస్తే దండగ.

ఆయన దగ్గర చదివినవాళ్లకు పాఠాలు గుర్తున్నాయో లేదో గాని, ఆయన పద్ధతి మాత్రం గుర్తుంది. సంతకం లేని లీవ్ లెటర్‌ను తిప్పి పంపేవారు. ఎవరు రాశారో తెలియని కాగితం చిత్తు కాగితమనేవారు. తాను సంతకం చేస్తే కింద రెండు గీతలు గీసి, చివర చుక్క పెట్టేవారు.

27న పోలింగ్. ఆయన బూత్‌లో చాలాసేపే ఉన్నారు. 56 పేర్ల బ్యాలెట్‌ను మడత పెట్టడమే ఒక పరీక్ష.

మార్చి 3న కరీంనగర్‌లో లెక్కింపు మొదలైంది. ముందు చెల్లేవీ చెల్లనివీ వేరు చేశారు. చెల్లనివి 28 వేలు దాటాయి. చివరికి గెలిచినాయనకు వచ్చిన మెజారిటీ 5 వేల పైచిలుకు.

ఒక టేబుల్ దగ్గర సూపర్‌వైజర్ ఆ లెక్చరర్ పాత విద్యార్థి. అతని చేతికి ఒక బ్యాలెట్ వచ్చింది. 1 నుంచి 5 దాకా అంకెలు. ఊదా రంగు. ఒక్కటీ గడి దాటలేదు. ఆ రోజు అంత శుభ్రమైన బ్యాలెట్ అతను చూడలేదు.

ఓటరెవరో పట్టిచ్చే గుర్తు ఏదున్నా ఆ ఓటు చెల్లదని నియమం. అతను రెండోసారి చూసి, పక్కవాళ్లతో ఏమీ అనకుండా, దాన్ని చెల్లని ఓట్ల కట్టలో పెట్టాడు.

కింద సంతకం ఉంది. రెండు గీతలు, చుక్క, తేదీతో సహా.