మా రోజుల్లో ఓటింగు జరిగేది

ఇప్పటి పిల్లలకి అమెరికా వలస చట్టమంటే రాత్రికి రాత్రి ఫోన్లోకి వచ్చిపడే ప్రకటన. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ఓ కాగితం మీద సంతకం పెట్టి, కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుకి లక్ష డాలర్లన్నాడు. చెల్లెలి పెళ్లికని ఊరెళ్లిన మా మేనల్లుడి కొడుకు పందిట్లో కూర్చునే తిరుగు విమానం వెతుక్కున్నాడు. అప్పటికే వీసా ఉన్నవాళ్లకి వర్తించదని మర్నాటికి గాని తేల్చలేదు. చర్చ లేదు, సభలో ఓటింగు లేదు. మా రోజుల్లో ఇలా ఉండేది కాదురా అంటే, "మొదలెట్టాడు తాతయ్య" అంటారు. అవును, మొదలెడతాను.

గుంటూరులో డాక్టరు చదువు చదివి నేనీ దేశం వచ్చింది 1965 చట్టం పుణ్యాన. అంతకుముందు మన దేశానికి ఏడాదికి 100 మంది కోటా. అదీ 1946లో దయతలచి ఇచ్చింది. బ్రూక్లిన్ నుంచి గెలిచిన ఇమాన్యుయెల్ సెల్లర్ అనే ఆయన ఉండేవాడు. 1924లో దేశాలవారీ కోటాలు బిగించి, ఆసియా వాళ్లకి తలుపులు మూసిన చట్టం వచ్చినప్పుడు ఆయన సభకి కొత్త. ఎదురు నిలిచి ఓడిపోయాడు. సీటు వదల్లేదు, సంగతీ వదల్లేదు. 41 ఏళ్ల తర్వాత న్యాయ కమిటీ ఛైర్మన్‌గా ఆ కోటాలు ఎత్తేసే బిల్లు తనే నెగ్గించుకున్నాడు. ఇప్పటి సభ్యుల్లో ఒక్క మాట మీద 41 రోజులు నిలబడేవాణ్ణి చూపించండి.

పోనీ, జనం అడిగారని చేశారా? అదీ కాదు. ఆ ఏడాదే గాలప్ సర్వేలో వలసలు పెంచమన్నవాళ్లు నూటికి 7 మంది, తగ్గించమన్నవాళ్లు 33 మంది. అయినా సెనేట్‌లో 76-18తో నెగ్గింది. పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న కాలం. పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని ఎంచడం ప్రపంచం ముందు తలవంపులుగా ఉందని నాయకులకే తోచింది. అధ్యక్షుడు జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం దగ్గర సంతకం పెడుతూ, ఇదేమీ విప్లవాత్మక బిల్లు కాదని జనానికి నచ్చజెప్పాడు. ఒహాయో సభ్యుడు ఫీగన్ అయితే చదువుకన్నా చుట్టరికానికే పెద్దపీట వేయించాడు. యూరప్ వాళ్ల చుట్టాలే వస్తారు, దేశం రంగు మారదని ఆయన లెక్క. ఆ లెక్కతోనే మేం మా తమ్ముళ్లనీ, మా ఆవిడ తమ్ముళ్లనీ దింపేశాం! జనానికి పూర్తి నిజం చెప్పకుండా తెచ్చిన చట్టమే అది. ఆ విషయంలో మా రోజుల్ని వెనకేసుకురాను. కానీ పేరుపేరునా ఓటేశారు. ఎవరు ఎటు వేశారో రికార్డులో ఉంది.

1976లో డాక్టర్ల కొరత తీరిందని మా తలుపు ముప్పాతిక మూశారు. అదీ చట్టంతోనే. 1990లో రిపబ్లికన్ అధ్యక్షుడు, డెమొక్రాట్ల సభలు కలిసి హెచ్-1బి తెచ్చాయి. ఉద్యోగాల గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000, ఏ దేశానికైనా అందులో 7 శాతం దాటకూడదని ఆ చట్టంలోనే ఉంది. ఐస్‌లాండ్‌కీ అంతే, ఇండియాకీ అంతే. మనవాళ్లు వరసలో నిలబడి జుట్టు నెరుస్తున్నది ఆ వాక్యం దగ్గరే.

మరి దాన్ని మార్చరేం? 2013లో సెనేట్ 68-32తో వలసల మీద పెద్ద బిల్లు పాస్ చేసింది. దిగువ సభలో స్పీకర్ ఓటింగుకే పెట్టలేదు. 2019లో ఆ 7 శాతం తీసేసే బిల్లు దిగువ సభలో 365-65తో నెగ్గింది. మరుసటేడు సెనేట్ తన మార్పులతో తనూ పాస్ చేసింది. రెంటినీ కలిపే తీరిక ఎవరికీ లేకపోయింది. ఇంకా విడ్డూరం, 2025 గాలప్‌లో వలసలు దేశానికి మంచివన్నవాళ్లు నూటికి 79 మంది. జనం అడగనప్పుడు చట్టం చేసిన సభ, జనం మెచ్చుకుంటున్నప్పుడు కదలదు!

కారణం నాకు 2014లో బోధపడింది. దిగువ సభలో మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్ వర్జీనియాలో సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే ఓడిపోయాడు. వలసల విషయంలో మెతక అని ఆయన మీద ప్రచారం. ఏడు లక్షల పైచిలుకు జనమున్న నియోజకవర్గంలో ఓటేసింది దాదాపు 65 వేల మంది. సర్వేలో మంచిదే అన్నవాడు ఆ రోజు ఇంట్లో ఉంటాడు. కోపమొచ్చినవాడు ఎండలో నిలబడి ఓటేస్తాడు. సభ్యుడు ఎవడికి భయపడాలి?

మనవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. సినిమా తారల్ని పిలిచి మహాసభలు చేస్తాం, కోడలి వీసా కోసం చిలుకూరులో ప్రదక్షిణాలు చేయిస్తాం, ప్రైమరీ తేదీ ఎప్పుడంటే తెల్లమొహం వేస్తాం. పౌరసత్వం చేతికొచ్చిన మర్నాటి నుంచే "ఇంక చాలు, ఎక్కువమంది వస్తున్నారు" అనే పెద్దమనుషులూ నాకు తెలుసు. వాళ్లు కనీసం ఓటైనా వేస్తారు.

కాబట్టి ఓటున్న అబ్బాయిలూ, అమ్మాయిలూ, నవంబరు దాకా ఆగకుండా ప్రైమరీకే వెళ్లండి. 7 శాతం మాటెత్తి మీ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేయండి. అది అన్యాయమని చెప్పే వాట్సాప్ వీడియోలు నాకు పంపకండి. నేను ముందే ఒప్పుకున్నవాణ్ణి.